వైస్ ఏ వైపు

రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు బాగుచేసే ఆయన పెరట్లో కుర్చీలో కూర్చుని చెబుతుంటే, కట్టబోయే పెద్ద షెడ్డుకి భార్య ముగ్గుపిండితో గీతలు పోస్తోంది.

“కారు చోటు గోడవారకి జరుపు. ట్రాక్టరు తిరగొద్దా?”

“జరిపానండి.”

“కిటికీ కింద పని బల్ల. దానికి కుడివైపు మోటారు బిగించుకునే వైస్.”

ఆవిడ ఎడమవైపు సున్నా చుట్టింది.

“కుడివైపన్నాను.”

“ఇటైతే మీకు వీలుగా ఉంటుందనండి.”

“ముప్పైయేళ్లు కుడిచేత్తో మోటార్లు విప్పినోణ్ణి. వీలేంటో నాకు నేర్పుతావా?”

పక్షవాతం వచ్చినప్పటినుంచీ ఆయన కుడిచెయ్యి ఒళ్లో పెట్టినచోట పెట్టినట్టే ఉంటోంది.

“చెరిపెయ్.”

కాలితో చెరిపి, కుడివైపు చుట్టింది.

“డాక్టరుగారు ఈ చెయ్యి ఎప్పటికి స్వాధీనంలోకి వస్తుందన్నారు?”

“చెప్పలేమన్నారండి. మీరూ విన్నారుగా.”

ఆయన ఆ సున్నా వంక చూశాడు.

“సరే, ఎడమవైపే వెయ్యి. బల్ల కూడా కుర్చీ ఎత్తుకి దించమని మేస్త్రీకి చెప్పు.”

“అలాగేనండి” అంది ఆవిడ. ఆ మాట మేస్త్రీకి నిన్ననే చెప్పేసింది, ఆయన నిద్రపోతున్నప్పుడు.