ధనుష్కోడిలో సవరిముత్తు కెమెరా కాపలా

మా మద్రాసు సాలిగ్రామంలో సినిమా కెమెరా అద్దెకి పోతే ఒంటరిగా పోదు, వెంట ఒక మనిషి పోతాడు. పెట్టెలు దించడం, తుడవడం, షూటింగ్ అయ్యేదాకా వాటిని కనిపెట్టుకుని ఉండడం అతని పని. ఇరవై రెండేళ్ళుగా సవరిముత్తన్న చేస్తున్నది అదే. నేను ఆ ఆఫీసు వ్యాన్ డ్రైవర్ని. ఆయన్నీ ఆయన పెట్టెల్నీ మోసీ మోసీ నా వ్యాన్ నడుం వంగింది.

ఆఫీసుకి కొత్త కెమెరా వచ్చింది. దాని ఖరీదు మాట వస్తే అందరూ గొంతు తగ్గిస్తారు. నలభై రోజుల కొల్లిమలై కొండల షూటింగ్‌కి దాని వెంట ఎవర్ని పంపాలో ఆ సాయంత్రం మా ఓనరమ్మ కోమళవల్లి తేల్చాలి. కుర్రాళ్ళు ఇద్దరు కాచుకుని ఉన్నారు. ఈసారి పేరు రాకపోతే సవరిముత్తన్న ఆఫీసులో వైర్లు చుట్టుకుంటూ కూర్చోవాల్సిందే. అలా ఒకసారి కూర్చున్నవాణ్ణి మళ్ళీ బయటికి పంపడం మా దగ్గర లేదు. ఆ దిగులుతో ఆయన రెండ్రోజులుగా అన్నం సరిగ్గా తినలేదు.

నాలుగింటికి ఆఫీసు ఎదురుగా ఉలగనాథన్ టీకొట్టు దగ్గర చేరాం. కోమళవల్లమ్మ కూడా రోడ్డు దాటి వచ్చి, గ్లాసు పట్టుకుని ఓ పక్కగా నిలబడింది. అంతే, సవరిముత్తన్న గొంతు పెరిగింది.

"గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్తా. ధనుష్కోడిలో పాట తీస్తున్నాం. ఎటు చూసినా ఇసక, అటో సముద్రం, ఇటో సముద్రం. మన పెట్టెలు ఏడూ దించి వరసగా పేర్చాను. మొదటి షాట్‌లోనే అల వచ్చింది, చిన్నదే, మోకాళ్ళ దాకా. స్టాండు కింద ఇసక జారింది, కెమెరా ఒరిగింది. అందరూ అయ్యో అన్నారు. నేను అనలేదు. అయ్యో అనే తీరిక నాకెక్కడిది? పురిటిబిడ్డని పట్టినట్టు ఒళ్ళోకి పట్టేశాను. ఇదేం గొప్ప కాదు, ఎవరైనా పడతారు."

"ఎవరూ పట్టలేరన్నా," అన్నాడు ఉలగనాథన్ నిజంగానే మురిసిపోతూ.

"నువ్వు పట్టలేవులే, పొంగే పాలనే పట్టుకోలేవు. విను. మధ్యాహ్నం గాలి లేచింది. గాలంటే మన మెరీనా గాలి అనుకునేరు! గొడుగులు పోయాయి, కుర్చీలు పోయాయి, డైరెక్టర్ అరిచిన 'కట్' ఎటు పోయిందో ఇంతవరకూ ఎవరికీ వినపడలేదు."

"మరి హీరోయిన్ సవరం ఏమైంది?" అంది సెంగమలం. ఆవిడ హీరోయిన్లకి జడలు వేస్తుంది, లోకంలో ఏం జరిగినా ఆవిడకి జుట్టే ముందు.

"సవరమా! హీరోయినే ఎగరబోతే నలుగురు కాళ్ళు పట్టుకున్నారు తల్లీ. నేను కెమెరా పెట్టె మీద బోర్లా పడ్డాను. ఆ గాలి నన్నూ పెట్టెనీ కలిపి లేపేసింది. ఎంతెత్తు? తాటిచెట్టంత ఎత్తు. అక్కణ్ణించి రామేశ్వరం గోపురం కనపడింది. మా ఇంటి దైవం వేలాంకణ్ణి మాత అనుకో, అయినా అంతెత్తున ఎదురుపడ్డ స్వామిని పలకరించకుండా ఎలా పోతాం? దణ్ణం పెడదామంటే చేతులు ఖాళీ లేవు, తలతోనే పెట్టాను. తర్వాత దిగాను. మెల్లగానే దిగాను, లోపల అద్దాలున్నాయి కదా."

"గాలికి చెప్పే దిగావా?" అన్నాను నేను.

"నువ్వు వ్యాన్ గుంతలో దించినట్టు దించలేదులే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ దుమారం సందులో మోటారు పడవ వేసుకుని దొంగ దిగాడు. గళ్ళ లుంగీ, ఇంతలేసి మీసాలు. కెమెరా పెట్టె ఎత్తి పడవలో పడేసుకుని బుర్రున పోయాడు. నేను ఊరుకుంటానా? దూకాను. ఈదాను. పడవ తాడు అందింది. చేతులు ఈతకి కావాలి కదా, అందుకని పళ్ళతో పట్టాను. మోటారు అటు లాగుతోంది, నేను ఇటు లాగుతున్నాను. పావుగంట! చివరికి మోటారే నీరసపడి ఆగిపోయింది. ఇదిగో, ఈ పన్ను అప్పుడు పోయిందే."

"అది మొన్న దీపావళికి నేను పెట్టిన మురుకు కొరికితే కదా పోయింది?" అంది సెంగమలం.

"అది దీని పక్కది. అడ్డు రాకమ్మా, కథ నడిసముద్రంలో ఉంది. దొంగ నన్ను చూసి జడిసి పడవలోంచి దూకేశాడు. దూకుతూ దూకుతూ, దుర్మార్గుడు, పెట్టె తెరిచి లెన్స్ ఒకటి నీళ్ళలోకి విసిరాడు. ఆ లెన్స్ దేశం మొత్తానికి మూడే ఉన్నాయి. అది నీళ్ళలో పడేలోగానే ఓ సొరచేప నోరు తెరిచి గుటుక్కున మింగేసింది."

ఉలగనాథన్ టీ వడపోయడం మానేసి వింటున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? వేరేవాడైతే ఏడ్చుకుంటూ ఒడ్డుకి వచ్చేవాడు. నా మొలలో పొడుం డబ్బీ ఉంది."

"పొడుం తడవలేదా అన్నా?" అన్నాడు ఉలగనాథన్.

"ప్లాస్టిక్ కవర్లో ఉందిరా. కెమెరావాణ్ణి, తడవకుండా దాచడం నాకు నేర్పుతావా? సొరచేప ముక్కు దగ్గరికి చేయి పెట్టి రెండు చిటికెలు పట్టించాను. మొదట నిలబడి ఆలోచించింది. కళ్ళు ఎర్రబడ్డాయి. పాపం, తల అటూ ఇటూ ఆడించింది. అప్పుడు తుమ్మింది చూడూ! లెన్స్ తిన్నగా వచ్చి నా అరచేతిలో పడింది. గీత లేదు. పైగా నాలికతో తుడిచినట్టు తళతళలాడుతోంది. నేనే మల్లు గుడ్డతో అలా తుడవలేను, ఉన్న మాట చెప్పాలి."

జనం పెరిగారు. పక్క స్టూడియోవాళ్ళు కూడా గ్లాసులతో వచ్చి నిలబడ్డారు. కోమళవల్లమ్మ నవ్వడం లేదు, అలాగని వెళ్ళడమూ లేదు. దాంతో ఆయనకి పూనకం వచ్చింది.

"తల తిప్పి చూస్తే ఎక్కడున్నాను? సిలోను ఒడ్డున! వాళ్ళ నేవీవాళ్ళు పదహారు మంది తుపాకులు గురిపెట్టారు. పెట్టె మూత తెరిచి కెమెరా చూపించాను. తుపాకులు దించి తలలు దువ్వుకున్నారు. అందరికీ తలో ఫోటో తీసి పంపించాను. వాళ్ళు టీ ఇచ్చారు. పాలు పొయ్యరు, అదొక్కటే లోటు. సరే, తిరిగి రావాలి. మోటారు పాడయింది. ఈదితే కెమెరా తడుస్తుంది. ఏం చేశాను? నడిచాను."

"నీళ్ళ మీదా?" అంది సెంగమలం.

"తప్పమ్మా, అలా నడవడానికి నేనెంతవాణ్ణి? నీళ్ళ కింద! సముద్రం అడుగునే నడుచుకుంటూ, ఊపిరి బిగబట్టి, పెట్టె మాత్రం రెండు చేతులతో నీళ్ళ పైకి ఎత్తిపట్టి. మూడు గంటలు! ఒడ్డున కెమెరామన్ చూస్తాడు కదా, పెట్టె ఒక్కటే నీళ్ళ మీద ఊరేగింపుగా వస్తోంది. ఆయన మోకాళ్ళ మీద పడిపోయాడు. విప్పి చూశారు. తేమ లేదు, ఇసక లేదు, ఒక్క మర వదులు కాలేదు. ఇప్పుడు చెప్పండి, కొల్లిమలై ఓ లెక్కా?"

ఈలలు వేశారు. ఎవరో చప్పట్లు కొట్టారు. కోమళవల్లమ్మ గ్లాసు కింద పెట్టింది.

"బాగుంది సవరిముత్తన్నా. ఒక్క సందేహం. మీరు గాల్లో, నీళ్ళలో, సిలోనులో ఉన్నంతసేపూ ఒడ్డున మిగతా ఆరు పెట్టెల దగ్గర ఎవరున్నారు?"

సవరిముత్తన్న తల గోక్కున్నాడు.

"ఎవరో... యూనిట్‌వాళ్ళు ఉండే ఉంటారమ్మా."

"ఎవరు? వాళ్ళ చేతికి మన పెట్టెలు వదిలారా? ఏదైనా పోతే ఇన్సూరెన్సువాళ్ళు నన్ను అడిగే మొదటి మాట అదే కదా, పెట్టెల దగ్గర మీ మనిషి ఉన్నాడా అని. లేడంటే కాగితం మడిచి వెళ్ళిపోతారు. ఆరు పెట్టెలు గాలికి వదిలేసి వెళ్ళిన మనిషికి నేను కొత్త కెమెరా ఎలా ఇవ్వను?"

ఎవరూ నవ్వలేదు. ఇరవై రెండేళ్ళ పని ఆ ఒక్క మాటకి పోయేలా ఉంది. ఏదైనా చెప్పి కప్పేద్దామన్నా నాకు తోచలేదు. సవరిముత్తన్న మొహం నల్లబడిపోయింది.

"నేను వదల్లేదమ్మా," అన్నాడు. గొంతు సగానికి సగం తగ్గిపోయింది. "ఒక్క పెట్టె కూడా వదల్లేదు. గాలి వచ్చిన మాట నిజం. వానా వచ్చింది. అందరూ వ్యాన్లలోకి పారిపోయారు. ఏడు పెట్టెలు ఒక్కణ్ణే ఎలా మొయ్యను? ఒకటి మోసుకెళ్తే ఆరు మిగులుతాయి. అందుకని అన్నీ దగ్గరికి లాగి, టార్పాలిన్ పట్టా కప్పాను. పట్టా చాల్లేదు. చొక్కా విప్పి కప్పాను. ఇంకా ఒక మూల తడుస్తుంటే... లుంగీ కూడా విప్పాను. ఆ పైన ఎక్కి కూర్చున్నాను. దొంగా రాలేదు, చేపా రాలేదు. ఓ మేక మాత్రం వచ్చి పక్కన నిలబడింది. వేలాంకణ్ణి మాతని తలుచుకుంటూ నాలుగు గంటలు అలాగే వణుక్కుంటూ కూర్చున్నాను. వాన తగ్గాక యూనిట్ అంతా వచ్చి చూశారమ్మా, నా అవతారం. హీరోయిన్‌తో సహా. అది చెప్పుకోలేక..."

సెంగమలం కొంగుతో నోరు మూసుకుంది, నవ్వుకో ఏడుపుకో తెలియలేదు. ఉలగనాథన్ అడక్కుండానే ఆయన చేతిలో వేడి టీ పెట్టాడు.

"ఆ మేక ఉందా చివరిదాకా?" అని అడిగింది కోమళవల్లమ్మ.

"గంటలో పోయిందమ్మా."

"మీరు?"

"నేనెక్కడికి పోతాను?"

కోమళవల్లమ్మ సంచీలోంచి రిజిస్టర్ తీసి అక్కడే నిలబడి పేరు రాసింది. రాసి, మూసి, రోడ్డు దాటబోతూ వెనక్కి తిరిగింది.

"పొద్దున ఆరింటికి బండి, సవరిముత్తన్నా. రెండు లుంగీలు ఎక్కువ పెట్టుకోండి. ఇంకోమాట, ఇకమీదట కథలో కూడా పెట్టెల మీంచి దిగకండి."