పెత్రో కంచం

జనవరి ఆరు సాయంత్రం, లండన్ పక్కన వాట్‌ఫర్డ్ ఫ్లాట్‌లో కూతురు క్రిస్మస్ భోజనానికి కంచాలు సర్దుతోంది. అల్లుడు స్టెఫాన్‌ది కెనడాలో స్థిరపడ్డ యుక్రెయిన్ రైతు కుటుంబం, పాత కాలెండర్ ప్రకారం వాళ్లకి పండగ భోజనం ఈ రాత్రే. గోధుమల పాయసంలో గసగసాలు కలుపుతున్న తల్లి చూపు బల్ల మీద పడింది. మనుషులు ముగ్గురు, కంచాలు నాలుగు.

“ఇంకెవరొస్తున్నారే?”

“పెత్రో. స్టెఫాన్ తాతకి తమ్ముడు. ఎప్పుడో పోయాడు. పోయినవాళ్లకి ఈ పూట ఒక కంచం పెట్టడం వాళ్ల ఆచారం.”

“పాపం, ఏం జబ్బు చేసింది?”

“జబ్బు కాదమ్మా. పెత్రో వాళ్ల నాన్న అడవి కొట్టి, రాళ్లు ఏరి చేసిన పొలం ఒకటుండేది. ఆయన పోగానే అన్నదమ్ములకి హద్దు తగాదా వచ్చింది. తాత గడ్డి ఎత్తే ఇనప పంగలకర్రతో తమ్ముణ్ణి కడుపులో పొడిచాడు. పెత్రో పొద్దుగూకేదాకా మంచులో గిలగిల్లాడి చచ్చిపోయాడు.”

“హంతకుల ఇంట్లో పడ్డావన్నమాట. ఇన్నాళ్లూ నాకు చెప్పలేదేం?”

“వాళ్లు దాచలేదమ్మా. జైలు నుంచి వచ్చిన ఏడే తాత ఈ కంచం పెట్టాడు. తను చేసింది పిల్లలందరికీ చెప్పి, తనే వడ్డించేవాడట.”

తల్లి గరిటె పక్కన పెట్టింది.

“మా బాబాయి కాలవలో పడి పోయాడని చెప్పాను కదా.”

“ఈత రాక.”

“నాకు ఈత నేర్పిందే ఆయన. నీళ్ల వంతు దగ్గర మాటా మాటా పెరిగి, మా నాన్న పార తిరగేసి తల మీద కొట్టాడు. రెండు దెబ్బలు చూశాను. మూడోదానికి కళ్లు మూసుకున్నాను. పోలీసులకి కాలు జారిందని చెప్పాం.”

“అమ్మా...”

“ఇంకో కంచం తియ్యి. బాబాయి గోధుమలు ముట్టడు. కాస్త అన్నం వండు.”