నలభై దినాల శాంతి

హనుమకొండలో చెవి, ముక్కు, గొంతు డాక్టరు శ్రావణి గది. ఈస్టర్‌కు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం వెళ్ళిన మర్నాడు పొద్దున. బల్లకు ఇవతల రాహేలు, ఆమెకు ఎడమ పక్కన భర్త దావీదు. జబ్బు ఇద్దరిలో ఎవరిదో మాటలు వింటేగాని చెప్పడం కష్టం.

“అది కాదమ్మా, ఎడమ చెవికి అసలే వినబడ్తలేదని మిషన్ చెప్తాంది. మెల్లమెల్లగ పోయింది కాదిది, ఒక్కసారే పోయింది. ఏ రోజు?”

“ఏమో డాక్టరమ్మా. నిన్న చర్చిల పక్కామె ఈ చెవుల ఏదో చెప్పబట్టె. నోరు ఆడుతాంది గని మాట లేదు. అప్పుడు ఎరికైంది.”

“నిన్ననే? అంతకుముందు ఇంట్ల మీ ఆయన మాట్లాడితే?”

“ఈయననా? ఈయన ఇప్పుడు అరుస్తలేడు గద! శ్రమకాలం, ఉపవాసాల నలభై దినాలు, కోపం జోలికి పోనని సంఘం ముందట లేచి నిలబడి మొక్కుకున్నడు. ఇనబడకపోతే, ఆహా, ఎంత మెల్లగ మాట్లాడుతాండు నా పెనిమిటి అనుకున్న.”

“మరి మీకు సార్? ఆమె పలుకకపోతే డౌటు రాలేదా?”

“నాకా... నేనేమనుకున్న అంటే మేడం... ఆమె గూడ మొక్కుకున్నదేమో, నాకు ఎదురు మాట్లాడనని. పలుకకపోతే మంచిదే గద. ఇంట్ల శాంతి.”

“ఏమంటాండు డాక్టరమ్మా?”

“శాంతి అంటున్నరు.”

“ఆ, అవును. పాస్టరు అయ్యగారు నిన్న ప్రసంగంల మా పేర్లు తీసిండు. సంసారమంటే వీళ్ళ లెక్క ఉండాలన్నడు. ఈస్టర్ నాడు ఇద్దరం సంఘం ముందట సాక్ష్యం చెప్పాలె, దేవుడు మమ్ముల ఎట్ల మార్చిండో. నేను రాసుకున్న గూడ.”

“సాక్ష్యం తర్వాత. మందులేమన్న వాడుతున్నరా? బీపీ, షుగర్?”

“ఏం లేవు.”

“థైరాయిడ్ గోలీ వేసుకునేది మేడం.”

“ఏమంటాండు?”

“థైరాయిడ్ గోలీ అంటున్నరమ్మా.”

“ఓ, అదా. బంద్ చేసిన. ఉపవాసమున్న గద. పొద్దుగూకేదాక మంచినీళ్ళు గూడ ముట్ట. ఆ గోలీ నీళ్ళతోటి మింగాలె, అదీ పరిగడుపున.”

“రోజంతా పరిగడుపునే ఉన్నరు గదమ్మా!”

“పొద్దున్నే అని చీటీల రాసిన్రు. పొద్దుగూకినంక వేసుకుంటే తప్పు గాదా?”

“ఒక్క ఫోన్ చేసి అడిగితే టైమ్ మార్చి ఇస్తుండె ఆ డాక్టరు. నలభై రోజులు బంద్ చేసిన్రా!”

“గోలీ బంద్ చేస్తే చెవి పోతదా? గొంతుల ఉన్నదానికీ చెవికీ ఏం సంబంధం?”

“అందరికీ పోదు. థైరాయిడ్ తేడా ఉన్నోళ్ళల్ల ఇట్ల ఉన్నట్టుండి వినికిడి పోవుడు జర ఎక్కువ కనబడ్తది. మీకు దానివల్లనే అని ఇప్పుడే చెప్పలేను. రక్తపరీక్ష రానియ్యండి.”

“మళ్ళ వస్తదా డాక్టరమ్మా?”

“రెండు వారాల లోపట మందు మొదలుపెడితే రావచ్చు. లేటైన కొద్దీ ఆశ తగ్గుతది. నెల దాటితే ఇగ చానా కష్టం. అందుకే తారీఖు అడుగుతున్న.”

“నాకు యాదికి లేదు. చెవి చెప్పి పోలే గద.”

“సార్, మీకు?”

“పది రోజులు... అటు ఇటు.”

“అటా, ఇటా?”

“ఆమెను జర రక్తం తీసే కాడికి తోలండి మేడం. చెప్త.”

రాహేలు పక్కగదిలోకి వెళ్ళింది.

“బుధవారం మేడం. మొన్నటి బుధవారం గాదు, దాని ముందటిది. తెల్లారి అయిదున్నరకు.”

“అంత ఖచ్చితంగనా?”

“నేను కేసముద్రం మార్కెట్ల గుమస్తాను. ఆరింటి బండి దొరకాలె. టిఫిన్ బాక్స్ కడుతదని లేపిన. కుడి పక్కకు ఒత్తిగిలి పండుకున్నది. ఎంత పిలిచినా లేవలే. బండి పోయింది, సేటు ఆ రోజు హాజరు కొట్టేసిండు.”

“పిలిస్తే లేవలేదు. అంతేనా?”

“అంతే... అంటే... కోపమొచ్చింది. నోటికి ఎంతొస్తే అంత తిట్టిన. వాళ్ళ పుట్టింటోళ్ళను గూడ ఇడువలే. నేను తిడుతాంటనే కండ్లు తెరిచింది. నన్ను చూసి నవ్వి, పొద్దెక్కిందా అన్నది. అప్పుడు సమజైంది నాకు, ఆ చెవులకు మాట పోతలేదని.”

“తెలిసీ చెప్పలేదా!”

“చెప్దామనే అనుకున్న మేడం. ముప్పై ఏండ్ల కోపం నాది. నాలుగు వారాలు కడుపుల కుక్కుకొని సచ్చిన. ఇగ రోజూ పొద్దుగాల ఆమె కుడి పక్కకు ఒత్తిగిలి ఉన్నప్పుడు, ఓ పది నిముషాలు... పానం హాయిగ అయ్యేది. మొక్కు మొక్కు లెక్కనే ఉన్నది. ఎవ్వలికి నష్టం అనుకున్న.”

“చెవికి నష్టం!”

“ఆమెకు చెప్పకండి మేడం. కాల్మొక్త.”

“పన్నెండు రోజులు. ఇంకా గడువుంది, మీ అదృష్టం. అమ్మా, లోపలికి రండి. తారీఖు దొరికింది. మందు ఈ పూటనే మొదలుపెడదాం. టిఫిన్ తిని వేసుకోవాలె.”

“టిఫినా? నేను తిన. ఇంకో ఆరు రోజులాగండి. ఈస్టర్ అయినంక వేసుకుంట.”

“ఆరు రోజులాగితే పద్దెనిమిది అయితయి. అప్పుడు చెవి దక్కుతదని నేను చెప్పలేనమ్మా. ఆ చెవికి ఇగ వినబడకనే పోవచ్చు.”

“పోతే పోనీ. ఇంకోటున్నది. ఆయన ముప్పై ఏండ్ల కోపం దిగమింగి కూసున్నడు డాక్టరమ్మా. చూడండి, మొఖం ఎట్ల పీక్కపోయిందో. అసొంటి మనిషే మొక్కు నిలబెట్టుకుంటే, నేను ఓ చెవి కోసం ఇడుస్తనా? సిగ్గు గాదా నాకు?”

“సార్, ఇగ మీదే ఆలస్యం.”

“మేడం, అది...”

“మీరు చెప్తరా, నన్ను చెప్పమంటరా?”

“...ఇటు తిరుగే రాహేలూ. కాదు, ఆగు, నేనే ఆ పక్కకు వస్త. ఇప్పుడు ఇనబడ్తాందా? మొక్కు లేదు, ఏం లేదే. పన్నెండు రోజుల సంది రోజూ పొద్దుగాల నిన్ను తిడుతాన్న. నీ చెవి పోయిందని నాకు మొదటి రోజే ఎరుక. చెప్పలే. తప్పైంది. పాపం నేను చేస్తే చెవి నీది పోవద్దే. నా మాటిను, తిను. నీకు ఇనబడకపోతే నేనెవ్వల మీద అరిచి బతకాలె?”

“పన్నెండు రోజులా?”

“పన్నెండే.”

“ఆదివారాలు గూడనా?”

“...నిన్న ఒక్కరోజు ఇడిచిన. మట్టల ఆదివారమని.”

“మా అవ్వను గూడ తిట్టినవా?”

“...జర.”

“డాక్టరమ్మా, ఇడ్లీ తెప్పియ్యండి, నాలుగు. గోలీలు ఎన్నిస్తే అన్ని ఇప్పుడే మింగుత. ఈ మనిషికి జవాబు చెప్పాలంటే ముందుగాల ఒంట్ల సత్తువ ఉండాలె.”