వేళకు భోజనం చేయండి

హలో… ఆ, నేనే. యాంగ్నిమ్‌ని. ఇంకెవరనుకున్నావ్?

…

ఎలా ఉన్నావని అడక్కు. బాలేను.

… లేదు, ఒంట్లో బానే ఉంది. తిండీ బాగుంది, పడకా బాగుంది. ఆ చప్పుడా? కీచురాళ్ళు. ఇక్కడ కొండంతా అవే. అన్నయ్యా, వాటి సంగతి వదిలెయ్. ఒక్కటి అడుగుతా, సూటిగా చెప్పు.

నా కథ మీద చెయ్యి పెట్టావా?

…

టైపు చెయ్యమని ఇచ్చాను. టైపు! నాకు కంప్యూటరు రాదు కాబట్టి, ఉన్నది ఉన్నట్టు కొట్టి ఈ కథలు నేర్పే వేసవి బడివాళ్ళకి పంపమన్నాను. అంతేనా, కాదా?

… తప్పులు దిద్దావా? ఏం తప్పులు?

… అవి తప్పులు కాదు! అవి అమ్మ మాటలు!

ఎప్పుడు తెలిసిందంటే, ఈ పొద్దున. అందరి కథలూ అచ్చు తీసి పంచారు. నాది చేతికి రాగానే ఎంత సంబరపడ్డానో తెలుసా? పక్కనున్న పిల్లకి కూడా చూపించా, ఇదిగో మా అమ్మ అని. తీరా తెరిస్తే అందులో అమ్మ ఏదీ? ఎవరో మహాతల్లి కూచుని ఉంది! 'నాయనా, ఆలస్యమైనదే, భోజనం చేశావా?' అంటోంది.

నవ్వకు.

… నవ్వలేదా? సరే, దగ్గావనుకుంటా. నేను రాసిందేంటి? 'ఏరా సచ్చినోడా, ఇంత పొద్దుపోయిందాకా యాడ సచ్చినావ్, బువ్వ తిన్నావా లేదా' అని రాశా. మొక్పో బజారులో నలభయ్యేళ్ళు ఉప్పురొయ్యలు అమ్మిన మనిషి ఎలా మాట్లాడుతుందో అలా రాశా. నువ్వు ఆవిడ నోరు సబ్బేసి కడిగి పంపావ్.

…

ఉండు, ఇంకా వినాలి నువ్వు. మధ్యాహ్నం నా కథ వంతు వచ్చింది. ఇక్కడో పద్ధతుంది. కథ మీద అందరూ మాట్లాడతారు. రాసినవాళ్ళు మాత్రం చివరిదాకా నోరు విప్పకూడదు. విప్పితే టీచరమ్మ ఊరుకోదు. మాట్లాడాలనిపిస్తే ఇది కొరుక్కోండి అని ఉడికించిన మొక్కజొన్న కంకి చేతికిస్తుంది. నేను కంకంతా నమిలేశా అన్నయ్యా. గింజలు అయిపోయాక బెండు కూడా నమిలా.

… ఏమన్నారా? మా గుంపులో ఓ బస్సు డ్రైవరున్నాడు, మంచి మనిషే. 'ఈవిడ ఉప్పురొయ్యలు అమ్ముతోందా, రేడియోలో వార్తలు చదువుతోందా' అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. అమ్మని చూసి నవ్వారు! నేను నవ్వించాలని రాసిన చోట ఒక్కరూ పెదవి కదపలేదు.

…

పరువా? ఎవరి పరువు? అమ్మ పరువా, నీ పరువా?

ఆగు, ఆగు. నువ్వు పిల్లలకి భాష నేర్పిన పంతులువి, వైస్ ప్రిన్సిపాలువి, నాకు తెలుసు. నీ ముందు వ్యాకరణం మాట్లాడను. కానీ నీ పెళ్ళి మర్చిపోయావా? సియోల్ నుంచి వియ్యాలవారు వస్తున్నారని అమ్మకి ఆ ఒక్క వాక్యం నేర్పించలేదూ? 'ఇంత దూరం శ్రమపడి వచ్చారు. వేళకు భోజనం చేయండి.' ఇది తప్ప ఇంకేం మాట్లాడొద్దన్నావ్. పాపం, రొయ్యల జాడీల ముందు నిలబడి రోజూ వల్లించేది. నత్తి పడేది, మళ్ళీ మొదలెట్టేది. జాడీలన్నిటికీ మర్యాదలు చేసింది. పెళ్ళిలో నువ్వు చెప్పినట్టే అనేసి, ఇక మూగదానిలా కూచుంది. మన అమ్మ! బజారంతటినీ గొంతుతో ఏలిన మనిషి!

…

నా మంచికేనా? ఏది నా మంచి? బూతులున్నాయని నాకు ఇక్కడ సీటివ్వరనుకున్నావా?

… తెలుసు, నువ్వు పంపబట్టే వచ్చా. దుకాణం మూసి, ఈ వయసులో పిల్లల మధ్య చాప పరుచుకుని పడుకుంటున్నా. ఎందుకనుకున్నావ్? రేపు సాయంత్రం కొండకింద హాల్లో, ఊళ్ళోవాళ్ళందరి ముందు ఎవరి కథ వాళ్ళం చదవాలి. అమ్మ పోయాక అమ్మ గొంతు నలుగురికీ వినబడేది ఆ ఒక్కసారేనన్నయ్యా. అందుకు వచ్చా. ఆ ఒక్కదానికీ నువ్వు అడ్డం పడ్డావ్.

…

సారీ ఎవడిక్కావాలి? నీ సారీ కూడా అచ్చుతప్పులు లేకుండానే ఉంటుంది.

… ఆ? మళ్ళీ కొట్టి పంపుతావా? … అదేం అక్కర్లేదు. మధ్యాహ్నం నుంచి కూచుని అంతా తిరగరాసేశా. అమ్మ తిట్లు నాకు ఎవరన్నా చెప్పాలా? ఒక్కొక్కటీ ఉన్నచోట పెట్టేశా. ఒక్కటే మిగిలింది. చివరి వాక్యం.

అందుకే ఫోన్ చేశా.

…

— ఆ, వస్తున్నా! మీరు కూచోండి, నాకోసం ఆగకండి! … భోజనాల గంట కొట్టారులే. అన్నయ్యా, లైన్‌లో ఉన్నావా?

చివరి వాక్యం నువ్వు దిద్దలేదు. నేను రాసిందే. నువ్వు చెప్పిందే రాశా. నేను ఆసుపత్రి నుంచి బట్టలు తేవడానికి ఇంటికెళ్ళిన గంటలో అమ్మ పోయింది. దగ్గర నువ్వొక్కడివే. అమ్మ చివరగా ఏమందో చావింట్లో అందరికీ చెప్పావ్. 'ఇంత దూరం శ్రమపడి వచ్చారు, వేళకు భోజనం చేయండి' అందని. బంధువులంతా ఎంత పెద్ద మనసో అని కళ్ళు తుడుచుకున్నారు. మన ఇద్దరితో అన్న మాటే కదా అని నేనూ ఏడ్చా.

ఇవాళ ఒక కుర్రాడు, టోపీ తిప్పి పెట్టుకుని తిరుగుతాడు, వాడన్నాడు… 'కథంతా ఒకెత్తు, ఆ చివరి మాట మాత్రం పచ్చి అబద్ధం. ఏ తల్లీ కన్నబిడ్డల్ని అలా అనదు' అన్నాడు. కంకి వాడి నెత్తిన వేద్దామనిపించింది. తర్వాత… వాడు అన్నదే నిజమనిపించింది.

అది నువ్వు అల్లావ్. పెళ్ళినాటి మాట తెచ్చి అమ్మ నోట్లో పెట్టావ్. చచ్చిపోయేటప్పుడు కూడా అమ్మని దిద్దావ్!

చెప్పు. అమ్మ నిజంగా ఏమంది? నిన్ను తిట్టిందా? నన్ను తిట్టిందా? ఎంత పచ్చిగా ఉన్నా ఫర్వాలేదు, నాకు కావాలి. అది నాది కూడా.

…

మాట్లాడు.

…

అన్నయ్యా.

…

… అదేనా? అదే అందా?

నాతో ఆడుకోకు. మనల్ని 'మీరు' అని ఎందుకంటుంది అమ్మ?

… మనల్ని కాదా? మరెవర్ని?

… నిన్నా? నిన్నొక్కడినా? 'మీరు' అనా?

…

ఉండు. ఆ రోజు నీ రిటైర్మెంటు సభ. అక్కణ్ణుంచి నేరుగా వచ్చావ్. నల్ల సూటుతో… టైతో…

గుండె మీద పువ్వుతో.

… అయ్యో.

పెళ్ళిలో మీ మామగారు పెట్టుకున్నట్టే.

…

నిన్ను వియ్యంకుడనుకుంది.

…

ఏడవకు. కాదు… ఏడువు. నేను వింటున్నా.

… నత్తి పడలేదా? ఒక్కచోట కూడా?

… నవ్విందా? ఎలా?

… పరీక్ష గట్టెక్కినట్టా…

…

నువ్వేమన్నావ్ మరి? 'అమ్మా, నేను తెసిక్‌ని' అని చెప్పలేదా?

…

'భోంచేసే వచ్చానండీ వదినగారూ' అన్నావా? … ఎందుకురా… ఎందుకన్నయ్యా?

… అంత కష్టపడి తప్పులేకుండా చెప్పింది, మధ్యలో ఎలా ఆపను అనా?

…

ఇన్ని నెలలూ నీలో నువ్వే దాచుకున్నావా? నాకు చెబితే నేనేమనేదాన్ని?

… ఏదో ఒకటి అనేదాన్నిలే. నిజమే.

…

విను. నీ మీద కోపం పోలేదు. నా కథ ముట్టుకున్నందుకు వచ్చి నీ పని చెప్తా, అది వేరే. ఇంకెప్పుడూ అమ్మ మాట దిద్దకు. నా మాటా దిద్దకు.

చివరి వాక్యం మాత్రం అలాగే ఉంటుంది. రేపు అదే చదువుతా. దాని ముందు నీ పువ్వు పెడతా, అంతే.

… అబద్ధమంటే అననీ. ఆ టోపీవాడికి నేనే ఓ కంకి ఇస్తా.

…

ఏంటి? గట్టిగా చెప్పు, వినబడట్లేదు.

… నిన్ను ఆఖరిసారి తిట్టనైనా తిట్టలేదనా? నన్ను మాత్రం బట్టలకి తిట్టే పంపిందనా?

…

…

ఏరా సచ్చినోడా.

ఇంత పొద్దుపోయిందాకా యాడ సచ్చినావ్. బువ్వ తిన్నావా లేదా?

…

తినలేదా? లే మరి. లేచి పోయి తిను. మళ్ళీ చేస్తా, తినకపోయావో ఊరుకోను.

పెట్టేస్తున్నా.