నూట ముప్పై ఎనిమిది అడ్డగీతలు

1991 ఆగస్టు 19వ తేదీ, సోమవారం ఉదయం మన రక్తనిధి కేంద్రంలో డేటా ఎంట్రీ ఆపరేటరుగా చేరిన ‘జల్లెడ మేడమ్’, ముప్పై మూడు సంవత్సరాల నిరంతర సేవానంతరం, ఈ నెలాఖరున రికార్డుల విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. అక్షరమనగా నశించనిదని నిఘంటువులు ఘోషిస్తుండగా, అక్కరలేని అక్షరాన్ని వెతికి పట్టుకుని నశింపజేయడమే వృత్తిగా స్వీకరించిన ధీరవనిత వీరు. ‘జల్లెడ’ అనే బిరుదును ప్రదానం చేసినదెవరో నేటికీ తేలలేదు గాని, ఆ మహానుభావులు ఈ సంచికలోనే ఏదో ఒక ఫొటోలో అమాయకంగా నవ్వుతూ ఉంటారని అందరి అనుమానం.

చేరిన మొదటి వారంలోనే దాతల జాబితాలో ప్రతి వరుస చివర ఒక వింత గుర్తు వారి కంటబడింది. నాటి సూపరింటెండెంటుగారిని అడిగితే, అవి ఎప్పట్నుంచో ఉన్నాయని, వాటి మానాన వాటిని వదిలేయమని సెలవిచ్చారు. ఎప్పట్నుంచో ఉన్నదంటే ఎప్పట్నుంచి అన్నది మేడమ్‌గారి ప్రశ్న. మెట్లకింది గదిలో ఉండే పాత టైపిస్టుగారిని ఆశ్రయించి, మధ్యాహ్న భోజన విరామమంతా ఆయన మిషను ముందు గడిపారు. వరుస పూర్తికాగానే మీట లాగితే బండి వెనక్కు వస్తుందని, కాగితం పైకి జరుగుతుందని, ఆ రెండు పనులకూ కంప్యూటర్లో రెండు గుర్తులు మిగిలిపోయాయని, కొన్ని యంత్రాలు రెండింటినీ ఉంచుకుంటే కొన్ని ఒక్కదానితోనే సరిపెట్టుకుంటాయని ఆనాడు బోధపడింది. మర్నాడు ఒక్క ఆజ్ఞతో పదకొండు వేల వరుసల చివరనున్న ఆ బండిగుర్తులను సాగనంపారు. చేతిలో పని తీరినందుకన్నా, వాటి పుట్టుపూర్వోత్తరాలు తెలిసినందుకే వారెక్కువ సంతోషించారట.

అనంతరం సీనియర్ ఆపరేటరుగా, పర్యవేక్షకులుగా, అంచెలంచెలుగా ఎదిగిన కాలంలో నల్లతెరపై ఆజ్ఞలు టైపు చేసే విద్యలో వారికి సాటి లేకపోయింది. వెతికిపెట్టడానికి గ్రెప్, ఏరిపారేయడానికి టీఆర్, మార్చి రాయడానికి సెడ్, లెక్కపెట్టడానికి డబ్ల్యూసీ. ఈ చివరి దాని పేరు విని కొత్తవారు ముక్కుమీద గుడ్డ వేసుకున్నా, మేడమ్‌గారు దానినే అన్నింటికన్నా ముందు పూజించేవారు. ముందు చూడాలి, తరువాత లెక్కపెట్టాలి, ఆ పైననే తీసేయాలి. తీసేముందు అసలు ఫైలు నకలొకటి ‘పాతసామాను’ అనే ఫోల్డర్లో పడాలి. ఈ క్రమం తప్పినవారి చేతిలో సెడ్ ఉంటే చెడినట్టేనని వారు నవ్వుతూనే హెచ్చరించేవారు. దాతల డేటా అని మనమంటే, వారి దృష్టిలో డేటా అంటే దాతే.

ఎనిమిదేళ్ల కిందటి ఒక మధ్యాహ్నం ఇక్కడ స్మరణీయం. ఎదురుగా ఉన్న ఆసుపత్రిలో ప్రసవమైన ఒక తల్లికి సాయంత్రం నాలుగింటికి శస్త్రచికిత్స. ఓ నెగటివ్ తప్ప మరేదీ ఎక్కించడానికి వీల్లేదు. నాలుగు సీసాలు కావాలి. మన నిల్వలో ఒక్కటీ లేదు. ఒంటిగంటకే ప్రధాన జాబితాలోని దాతలందరికీ ఫోన్లు అయిపోయాయి. ఊళ్లో లేనివారు, ఇటీవలే ఇచ్చినవారు, ఫోను ఎత్తనివారు. మిగిలింది ఒక కర్మాగారం శిబిరం నుంచి వచ్చిన పాత ఫైలు. దాత సంఖ్య, ఫోన్ నంబరు, గ్రూపు తప్ప అందులో మరేమీ లేవు. రెండువేల మూడువందల మంది. ఓ నెగటివ్ కోసం వెతికితే జవాబు: సున్న.

అప్పుడే చేరిన కంప్యూటర్ ఇంజనీరు ‘స్పీడుబాబు’ ఫైలులో అర్థంకాని అక్షరాలున్నాయని గమనించి, అవే అడ్డుపడుతున్నాయని తలచి, ఒక్క ఊపులో అన్నిటినీ చెరిపి, ఆ ఫైలునే తిరిగి భద్రపరిచాడు. మళ్లీ వెతికాడు. మళ్లీ సున్న. దాతలు లేరని ఆసుపత్రి డాక్టరమ్మకు చెప్పబోతూ ఫోను అందుకున్నాడు. మేడమ్‌గారు ఫోనుమీద చెయ్యి వేశారు.

“ఏం తీసేశావు బాబూ?”

“చెత్త మేడమ్. ఇంగ్లీషు కీబోర్డులో లేనివన్నీ.”

“ఎన్ని?”

“చెత్తని కూడా లెక్కపెడతామా మేడమ్?”

“రెండువేల మూడువందల మందిలో ఓ నెగటివ్ వాళ్లు ఒక్కళ్లూ లేరా? ఎక్కడన్నా విన్నావా ఇలాంటి వింత?”

‘పాతసామాను’ తెరిచి, ఆ ఫైలు వచ్చిననాడే తాము అందులో దాచిన అసలు ఫైలును బయటికి తీశారు. దానికీ, శుభ్రం చేసినదానికీ మధ్య తేడా నాలుగువందల పద్నాలుగు బైట్లు. ఒక్కొక్క వింత అక్షరానికి మూడేసి. అనగా నూట ముప్పై ఎనిమిది అక్షరాలు. చెత్త అయితే ఎక్కడపడితే అక్కడ పడి ఉండాలి గదా, ఇది ప్రతిసారీ గ్రూపు పక్కనే బుద్ధిగా ఎందుకు కూర్చుందని మేడమ్‌గారు పైకే అనుకున్నారు. మన తక్కిన జాబితాలలో నెగటివ్ గ్రూపులవారు నూటికి ఆరుగురు. రెండువేల మూడువందలకు ఆ లెక్కన నూట ముప్పై ఎనిమిది. శిబిరంలో టైపు చేసిన యంత్రం మైనస్ గుర్తును దానంతటదే కాస్త పొడవైన అడ్డగీతగా మార్చేసింది. కంటికి రెండూ ఒకటే. వెతికే యంత్రానికి రెండూ వేరు. స్పీడుబాబు ఊడ్చింది చెత్తను కాదు, నూట ముప్పై ఎనిమిది మంది రక్తంలోని తేడాను.

అసలు ఫైలు నకలు మీద సెడ్‌తో అడ్డగీతలను చెరపకుండా మైనస్‌గా మార్చి రాయించారు. ఓ నెగటివ్ వారు నలభై తొమ్మిది మంది తేలారు. ఇద్దరూ చెరో ఫోను పట్టుకున్నారు. మూడున్నరకల్లా నలుగురు వచ్చి కూర్చున్నారు. సీసా పెట్టేముందు మళ్లీ పరీక్షిస్తే నలుగురూ ఓ నెగటివే. మర్నాటి ఉదయం ఆ తల్లి లేచి కూర్చుని బిడ్డకు పాలిచ్చిందని డాక్టరమ్మ కబురుపెట్టారు.

కథ అక్కడితో ముగిస్తే మేడమ్‌గారికి అన్యాయం చేసినవారమవుతాము. ఆ నలుగురిలో ఒకరు బస్సు కండక్టరు. చేతికి దూది అదుముకుని లేస్తూ ఆయన అన్నారు: “శిబిరంలో పేరిచ్చి ఆరేళ్లయిందమ్మా. అర్ధరాత్రయినా పిలవమన్నాను. ఒక్కసారీ పిలవలేదు. నా రక్తం ఎవరికీ పనికిరాదేమో అనుకున్నాను.”

జల్లెడ మేడమ్ ఆ నలుగురి నంబర్లకూ ఎదురుగా టిక్కు పెట్టి, మిగిలిన జాబితాను అచ్చుతీయించారు. మరుసటి సోమవారం నుంచి పదకొండు రోజులపాటు, తక్కిన నూట ముప్పై నలుగురికీ వారు స్వయంగా ఫోన్లు చేశారు. రక్తం అడగడానికి కాదు. మీరు మా దగ్గరే ఉన్నారని, మాకే కనబడలేదని, తప్పు మాదని చెప్పడానికి. పక్క కుర్చీలో స్పీడుబాబు నంబర్లు చదివి వినిపించాడు. కొందరు నవ్వారు, కొందరు కోప్పడ్డారు, ఎనభై ఏడుగురు రక్తమివ్వడానికి వచ్చారు.

ఆ పదకొండు రోజుల ఓపికకు మా విభాగం నేడు నమస్కరిస్తున్నది. గడియారాల మరమ్మతు చేసే వారి శ్రీవారికి ఇకపై ఇంట్లో ప్రతి స్క్రూకూ లెక్క చెప్పవలసివస్తుందని సానుభూతి తెలుపుతూ, మేడమ్‌గారి దేహంలో అక్కరలేనిదేదీ చేరకుండా, కావలసినదేదీ చెరగకుండా, ‘ఎందుకు’ అని అడిగే ఆ గొంతు నిండు నూరేళ్లూ ఖంగుమని మోగుతుండాలని మనసారా కోరుకుంటున్నాము.