చెద తిన్న ఎముక

పిల్లల ఆసుపత్రిలో ఎక్స్‌రేలు చూసే గది. డాక్టరమ్మ, నేను, మా పెద్దాడు ఉన్నాము. కోడలు బయట బెంచీ మీద కూర్చుంది. రెండు నెలల మనవరాలిని ఆమె చేతికివ్వకుండా మా ఇంటిది ఒళ్లో పెట్టుకుంది.

"అదే పిల్లని పడేసుంటుంది నాన్నా. ఒప్పుకోవట్లేదు గానీ."

"నువ్వాగరా. డాక్టరమ్మా, పిల్ల చెయ్యి విరిగిందా?"

"విరగలేదు తాతగారూ. ఇటు చూడండి, ఎముక చివర."

"నాకేం తెలుస్తుందమ్మా... చెద తిన్నట్టుందే."

"అదే. ఇప్పుడు రెండో చెయ్యి చూడండి."

"ఓరి దేవుడా. దానికీ ఉంది."

"మోకాళ్ల దగ్గరా అంతే. వేళ్లు కూడా వాచాయి. వేళ్ల దాకా రావడం అరుదు, అందుకే మొదట నేనూ దెబ్బేమో అనుకున్నా. కానీ పడితే ఒకచోట విరుగుతుంది. రెండు పక్కలా ఒకేలా తినెయ్యదు."

"మరి చెయ్యి ఎత్తదేం?"

"నొప్పికండీ. కదిపితే ప్రాణం పోతోంది దానికి."

"పాల వల్లేమో డాక్టరుగారూ. మా ఆవిడ పాలు నీళ్లలా..."

"పాలు కాదండీ. రక్తంలో తేలింది. సిఫిలిస్. కడుపులో ఉండగానే తల్లి నుంచి అంటింది."

"అంటే... సవాయి రోగమా అమ్మా? ఇంత పసిగుడ్డుకా?"

"అవును తాతగారూ."

"ఛీ! చూశావా నాన్నా, ఎలాంటిదాన్ని తెచ్చి నాకు కట్టారో!"

"నోర్ముయ్యి! కోడలి సంగతి నాకు తెలీదా? నీ సంగతి తెలీదా? పేడ తొక్కినవాడే ఇల్లంతా కంపంటాడు."

"ఒక్కమాట. కడుపుతో ఉన్నప్పుడు ఆవిడకి రక్తపరీక్ష రాసుంటారే?"

"రాశారండీ. నేనే వద్దన్నా. దానికి సూదంటే భయం."

"ఏవిట్రా భయం? నిన్న పిల్లకి రక్తం తీస్తుంటే, దాని బదులు నాది తీసుకోండని చెయ్యి చాపింది కదరా!"

"అది వేరు నాన్నా..."

"ఏం వేరు? ఇటు చూడు. చూడరా! థూ!"

"తర్వాత తిట్టుకుందురు గానీ, పిల్లకి ఇవాళే సూదులు మొదలెడతాను. చెయ్యి కదుపుతుంది, భయపడకండి. తల్లికీ వెయ్యాలి. బాబూ, మీరూ రండి."

"నాకెందుకండీ?"

"ఇద్దరికీ వెయ్యాలండీ. లేకపోతే మళ్లీ అంటుకుంటుంది."

"నాకక్కర్లేదు."

"ఎందుకక్కర్లేదురా? ఇప్పుడొచ్చిందా సిగ్గు?"

"సిగ్గు కాదు నాన్నా... అది మూడు నెలల కడుపుతో ఉన్నప్పుడే నేను సూదులు వేయించేసుకున్నా. నాకు తగ్గిపోయింది."