తలుపు పిడి వెనక గీతలు

"ఆ మిషను పెట్టి రుద్దితే ఉన్న రంగు కాస్తా ఊడొచ్చేస్తుందేమోరా!"

ఏలూరులో కార్లకు సిరామిక్ కోటింగ్ వేసే షాపు ముందు నిలబడి, భర్త వాడిన కారు తాళాన్ని ఆవిడ కొడుక్కి ఇవ్వకుండా గుప్పిట్లో బిగించింది.

"ఊడదమ్మా. ముందు పాలిష్ పట్టి గీతలు తీసేస్తారు. ఆపైన కోటింగ్. చేపల లారీ నీళ్లు చిందినా మరక పట్టదు."

"గీతలన్నీ తీసేస్తారా? డ్రైవరు తలుపు పిడి వెనకవి కూడానా?"

"అవే ముందు తీయమన్నాను. అసహ్యంగా ఉన్నాయి."

"అవి మీ నాన్నగారి ఉంగరం గీతలురా. పెళ్లినాడు చర్చిలో నేను తొడిగిన ఉంగరం. వేలు లావెక్కినా తియ్యలేదాయన. పొద్దున్నే మండవల్లి చేపల చెరువులకి బయల్దేరుతూ తలుపు తీస్తే ఉంగరం పిడికి తగిలి టక్కుమనేది. నేను వంటింట్లోంచే, క్షేమంగా తిప్పి తీసుకురా ప్రభువా అని పైకే అనేదాన్ని. 'కారింకా కదల్లేదే పిరికిదానా' అని నవ్వేవారు. మొన్న ఈస్టరుకి ఏడాదైంది, ఆ చప్పుడు విని."

కొడుకు పిడి వెనక వేళ్లు పెట్టి తడుముతూ ఉండిపోయాడు. షాపులోంచి రెండోసారి పిలిచేసరికి తల్లి ముందు చెయ్యి చాపాడు.

"తాళం ఇవ్వమ్మా. అక్కడ మిషను పెట్టొద్దని చెప్తాను. గీతల మీదే కోటింగ్ వేయిస్తాను."